థర్మాస్‌లో 55 డిగ్రీలు రావాలి, 53 వస్తోంది. ఆ శక్తి ఎటు పోయింది?

ప్రశ్న: ఫ్లాస్క్‌లో 30 డిగ్రీల నీళ్లు 200 గ్రాములు. అందులో 80 డిగ్రీల నీళ్లు ఇంకో 200 గ్రాములు పోసి మూత పెట్టాను. వివిక్త వ్యవస్థ (బయటికి పదార్థం గానీ శక్తి గానీ పోనిది) కదా, సరిగ్గా మధ్యలో, 55 రావొద్దా?

జవాబు 1: లెక్క వేసి చూడండి. ఒక గ్రాము నీళ్లు ఒక డిగ్రీ మారడానికి 4.18 జౌల్స్. వేడినీళ్లు 80 నుంచి 53కి దిగి పోగొట్టుకున్నది 200 × 4.18 × 27 = 22,572 జౌల్స్. చన్నీళ్లకు 30 నుంచి 53కి ఎక్కడానికి అందింది 200 × 4.18 × 23 = 19,228. తేడా 3,344. పోసేటప్పుడు ఒక్క గ్రాము ఆవిరైనా సుమారు 2,300 జౌల్స్ పట్టుకుపోతుంది. మిగతాది చాలావరకు ఫ్లాస్క్ లోపలి గాజు తాగేసి ఉంటుంది, మీ లెక్కలో అది లేనే లేదు. అసలు మూత తీసి ఉన్నంతసేపూ అది వివిక్తం కాదు, పదార్థమూ శక్తీ రెండూ బయటికి పోగలిగే వివృత వ్యవస్థ!

జవాబు 2: పై లెక్క సరే. కానీ 80 అని ఎప్పుడు చూశారు? స్టవ్ మీదా, పోసే క్షణంలోనా? చాలామంది తప్పేది అక్కడే. చన్నీళ్లు ఫ్లాస్క్‌లో 5 నిమిషాలు ఉంచి, గాజుకూ అదే ఉష్ణోగ్రత వచ్చాక పోయండి. ముందూ వెనకా తూకం వేస్తే ఆవిరైనది తెలుస్తుంది. 30 సెకన్లకోసారి రీడింగ్ తీసి, గ్రాఫ్‌ను పోసిన క్షణం దాకా వెనక్కి పొడిగించండి; తర్వాత మెల్లగా పోయే వేడి లెక్కలో పడదు.

ప్రశ్న అడిగినవారు: చెంచాతో కలిపితే పుట్టే వేడి సంగతి?

జవాబు 2: చెంచాతో తిప్పడం కూడా పనే, కాబట్టి శక్తి లోపలికి వస్తుంది. కానీ ఇక్కడ లెక్కలోకి రానంత తక్కువ.