చార్ చేసింది తప్పే, అన్నది కూడా తప్పేనా?

ఏటిగట్టు:
1988లో వచ్చిన జపాన్ యానిమేషన్ సినిమా 'చార్స్ కౌంటర్ అటాక్' చూశాను. గండమ్ వరసలోది, దర్శకుడు యోషియుకి టొమినో. చూడనివాళ్ల కోసం రెండు ముక్కలు: జనంలో ఎక్కువమందిని ఎప్పుడో అంతరిక్షంలో కట్టిన కాలనీలకు తరలించేశారు. పెత్తనం చేసే ఫెడరేషన్ మాత్రం భూమ్మీదే ఉండిపోయింది. కాలనీల తరఫున ఫెడరేషన్ మీద తిరగబడ్డ నియో జియాన్ దళం నాయకుడు చార్ ముందు లాసా మీద ఒక గ్రహశకలాన్ని పడేస్తాడు. తర్వాత యాక్సిస్ అనే ఇంకోదాన్ని కూడా పడేసి, భూమిని చలితో బతకలేని చోటుగా మార్చి, అందర్నీ పైకి పంపాలని చూస్తాడు. దారి ఘోరం, ఒప్పుకుంటాను. కానీ అతని ఫిర్యాదులో న్యాయం లేదంటారా? సినిమా అతన్ని విలన్‌ని చేసి అసలు ప్రశ్న దాటేసిందని నా అనుమానం.

కోటిపల్లి రేవు:
దాటెయ్యలేదండీ. అడెనౌర్ పరాయా అనే ఫెడరేషన్ అధికారిని మర్చిపోయారా? హోదా చూపించి షటిల్‌లో సీట్లు లాక్కుంటాడు. చార్‌తో పోరాడే ఫెడరేషన్ దళం కెప్టెన్ బ్రైట్ కుటుంబానికి ఒక్క సీటే మిగిలి, కొడుకు ఒక్కడే ఎక్కుతాడు. ఆ అధికారే తర్వాత లండేనియన్ అనే కాలనీలో రహస్యంగా కూర్చుని, బంగారం తీసుకుని, యాక్సిస్‌ని చార్‌కి అమ్మేస్తాడు. దానికి శాంతి ఒప్పందం అని పేరు! రాయి విసిరింది చార్ అయితే, అమ్మింది ప్రభుత్వం. ఇంతకన్నా తిట్టడం ఎలాగో నాకు తెలీదు.

లంక కొబ్బరి:
మాది లంక గ్రామం. 1986 వరదలో మా తాతగారి తోట ఏట్లో కలిసిపోయింది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 17.75 అడుగులకు చేరి మూడో హెచ్చరిక ఇస్తే మూటాముల్లె సర్దుకుని పడవెక్కుతాం. వరద తీశాక తిరిగొస్తాం. ప్రతిసారీ ఎవరో ఒక పెద్దమనిషి, "అక్కడెందుకుంటారు, శాశ్వతంగా వచ్చేయొచ్చుగా" అంటాడు. చార్ అనేదీ అదే కదా, కాస్త పెద్ద ఎత్తున. మా మంచి కోరే చెబుతున్నాడంటే నాకు ఒళ్లు మండుతుంది. లాసాలో పోయింది షటిల్ ఎక్కే స్తోమత లేనివాళ్లు. పెద్దలకేమైంది?

ఏటిగట్టు:
కోపం అర్థమైంది అన్నా. కానీ కాస్త పైకి చూడండి. పోలవరం వస్తే డెల్టా ఆయకట్టుకు నీళ్ల భరోసా అని మనమే మురిసిపోయాం. దేవీపట్నం వైపు కొండరెడ్ల ఊళ్లు మునిగాయి, వాళ్లని పునరావాస కాలనీలకు పంపారు. వాళ్ల లెక్కలో కింద ఉన్న మనం ఎవరం? ఫెడరేషన్ కాదా?

లంక కొబ్బరి:
ఆ మాట కాదనను. అయితే వాళ్ల పేరు చెప్పి రాజమండ్రి మీద రాయి పడేస్తానని ఎవడైనా వస్తే, కొండరెడ్లకి ఒక్క ఎకరమైనా తిరిగొస్తుందా?

పాలకొల్లు పడుచు:
ఇద్దరూ చార్‌ని మరీ సిద్ధాంతకర్తని చేస్తున్నారు. అడెనౌర్ కూతురు క్వెస్ చిన్నపిల్ల. ఆ పిల్ల మోజును వాడుకుని యుద్ధంలోకి దించుతాడు, చివరికి ఆ పిల్ల తన తండ్రి ఉన్న ఓడ అని తెలియకుండానే దాన్ని పేల్చేస్తుంది. పైగా తన పాత ప్రత్యర్థి, ఫెడరేషన్ పైలట్ అమురోతో సమానంగా పోరాడాలని, పైలట్ మనసుతో యుద్ధయంత్రాన్ని నడిపించే సైకోఫ్రేమ్ సాంకేతికతని శత్రువుకే అందేలా చేస్తాడు! జనం కోసం యుద్ధం చేసేవాడు అలా చేస్తాడా? చివర్లో, ఒకప్పుడు అమురో చేతిలో చనిపోయిన లాలా గురించి ఏడుస్తాడు. సొంత పగకి రాజకీయం తొడుక్కున్నాడంతే. ఇలాంటి నాయకులు మనకేం కొత్తా?

కోటిపల్లి రేవు:
పగ అతనిది కావచ్చమ్మా, అతని వెనకున్న జనానిది కాదు. చార్ స్థావరం స్వీట్‌వాటర్ ఎలాంటిదో గమనించారా? రెండు రకాల కాలనీల ముక్కలు అతికించి, శరణార్థుల కోసం హడావిడిగా కట్టింది. అక్కడ రైల్లో చార్ కనబడితే జనం పాట అందుకుంటారు. అలాంటి చోట పడేస్తే ఎవడొచ్చినా పాడతారు. సినిమా చార్‌ని ఓడించింది, స్వీట్‌వాటర్‌ని మాత్రం అలాగే వదిలేసింది. నాకున్న ఫిర్యాదు అదొక్కటే.