లండన్ పబ్‌లో నాన్నగారితో భోజనం, కుదురుతుందా?

శ్రీకాకుళం నుంచి: వచ్చే నెల అమ్మానాన్నలతో లండన్‌లో అక్క దగ్గరికి వెళ్తున్నాం. పాతకాలపు పబ్‌లో కూర్చుని భోంచేయాలని నాన్నగారి కోరిక, కానీ ఆయన మందు ముట్టరు, గొడ్డుమాంసం తినరు. అమ్మకి పబ్ అంటేనే టెన్షన్. వెళ్లొచ్చా అన్నా?

విజయనగరం వాసి, ఇప్పుడు ఇంగ్లండ్‌లోని లీడ్స్‌లో: నిశ్చింతగా వెళ్లండి తమ్ముడూ. అది మన ఊరి బార్ లాంటిది కాదు, ముసలివాళ్లు, పిల్లలు, కుక్కలు కూడా ఉంటారు. చాలాచోట్ల టేబుల్ దగ్గరికి ఎవరూ రారు, ఖాళీ టేబుల్ చూసుకుని దాని నంబరు గుర్తుపెట్టుకుని కౌంటర్ దగ్గర ఆర్డరిచ్చి అక్కడే డబ్బు కట్టేయాలి. క్యూ కనబడదు గానీ ఎవరు ముందొచ్చారో అందరికీ తెలుసు, చేతులూపి పిలవకండి. నాన్నగారికి లైమ్ అండ్ సోడా చెప్పండి.

బొబ్బిలి నుంచి: తిండి దగ్గరే జాగ్రత్త. మెనూలో ‘స్టేక్ అండ్ ఏల్ పై’ అనే వంటకం ఉంటే అది గొడ్డుమాంసం, అదీ బీరు పోసి వండినది. ఫిష్ అండ్ చిప్స్‌లో చేపకి పూసే పిండిలో చాలాచోట్ల బీరు కలుపుతారు, కొన్నిచోట్ల గొడ్డు కొవ్వులో వేయిస్తారు, అడగడానికి మొహమాటపడొద్దు. ఆదివారం పెట్టే రోస్ట్ భోజనంలో (ఓవెన్‌లో కాల్చిన మాంసం) కోడి దొరుకుతుంది, గ్రేవీ దేనితో చేశారో కూడా అడగండి.

శ్రీకాకుళం నుంచి: చాలా థాంక్స్. రాత్రి ఎన్నింటికి వెళ్లాలి?

లీడ్స్ నుంచి: ఏడింటికల్లా. చాలా పబ్‌లలో 9కే వంట ఆపేస్తారు.