వ్యాయామం, కార్టిసాల్, అశ్వగంధ మాత్రలు: ఒక సందేహం

ప్రశ్న (నల్లగొండ): రోజూ తెల్లవారుజామున పానగల్లు ఉదయ సముద్రం కట్ట మీద ఎనిమిది కిలోమీటర్లు పరుగెత్తి, సాయంత్రం జిమ్‌కు వెళ్తున్నాను. రెండు నెలలుగా మధ్యాహ్నానికే నీరసం కమ్ముతోంది. ఇది ‘అడ్రినల్ అలసట’ (మూత్రపిండాల మీది అడ్రినల్ గ్రంథులు అలసిపోవడం) అని, ఆ గ్రంథుల నుంచి వచ్చే ఒత్తిడి హార్మోను కార్టిసాల్ తగ్గడానికి అశ్వగంధ మాత్రలు వాడమని జిమ్ శిక్షకుడు అన్నారు. వాడవచ్చునా?

సమాధానం (మహబూబ్‌నగర్): అన్నా, ఆ పేరుతో ఉన్న జబ్బును హార్మోన్ల వైద్య నిపుణులు గుర్తించలేదు, 2016లో వచ్చిన ఒక సమీక్ష కూడా దానికి ఆధారం లేదనే తేల్చింది. కాలేయం నుంచి గ్లూకోజును రక్తంలోకి రప్పించి, రక్తపోటును నిలబెట్టే హార్మోను కనుక, పరుగు వేళ కార్టిసాల్ పెరగడం సహజమే. నేనూ ఒకప్పుడు ఒక చాయ్, రెండు బిస్కెట్లతోనే పరుగెత్తి కూలబడేవాణ్ణి. జొన్నరొట్టె, పప్పు, గుడ్లు వేళకు తిని, వారానికి రెండు రోజులు విశ్రాంతి తీసుకున్నాకే కోలుకున్నాను.

మరో సమాధానం (సూర్యాపేట): అశ్వగంధ అంటే మన పెన్నేరు గడ్డే. కొన్ని చిన్న అధ్యయనాల్లో కార్టిసాల్ కొంత తగ్గిన మాట నిజమే కానీ, దానివల్ల కాలేయం దెబ్బతిన్న సందర్భాలూ నమోదయ్యాయి. థైరాయిడ్ మందులు వాడేవారు మరీ జాగ్రత్తపడాలి. బరువు తగ్గడం, లేవగానే కళ్లు తిరగడం, ఉప్పు మీద యావ, చర్మం నల్లబడటం ఉంటే మాత్రం అది అడ్రినల్ గ్రంథులు దెబ్బతిని కార్టిసాల్ చాలనంతగా తగ్గిపోయే అడిసన్స్ వ్యాధి కావచ్చు. అప్పుడు ఉదయం ఎనిమిది గంటల ప్రాంతంలో కార్టిసాల్ రక్తపరీక్ష చేస్తారు. స్టెరాయిడ్ మాత్రలు చాలాకాలం వాడి హఠాత్తుగా మానేసినా కార్టిసాల్ కొరత ముప్పు ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు: ఆ లక్షణాలేవీ లేవు. డబ్బా మూత తీయలేదు, తిరిగి ఇచ్చేస్తాను. సోమవారం హిమోగ్లోబిన్, థైరాయిడ్ పరీక్షలు చేయించుకుంటాను.