ఫారో గేమ్‌లో ఇళ్లు ఎదిగి మళ్ళీ పడిపోతున్నాయి, రోడ్లు ఎలా వేస్తున్నారు?

పాలకొల్లు_కాలవగట్టు:
ప్రాచీన ఈజిప్టులో ఊళ్లు కట్టే గేమ్, 1999 నాటి పాత ఫారో మళ్ళీ మొదలుపెట్టానండి. ఇళ్లు ఒక స్థాయి దాకా బాగానే వస్తున్నాయి, తర్వాత ఓసారి కుండలు అందలేదని, ఇంకోసారి వైద్యుడు రాలేదని మళ్ళీ పాకలైపోతున్నాయి. బజారు చూస్తే వీధి చివరే ఉంది, అందులో సరుకూ ఉంది. కొత్త ఊరు వేసేటప్పుడు మీరు మొదటి రోడ్డు ఎలా గీస్తారో చెప్పండి.

అమలాపురం_మేస్త్రి:
బజారు దగ్గరుంటే చాలదండీ, అక్కణ్ణించి సరుకు పంచడానికి బయల్దేరిన మనిషి మీ వీధిలోకి తిరగాలి. ఆ మనిషికి ఫలానా చోటికని ఉండదు, కూడలి వస్తే ఎటైనా తిరిగిపోవచ్చు, కాబట్టి సందులు ఎన్ని తీస్తే మీ ఇళ్లకి అంత అన్యాయం. నేను మధ్యలో ఎక్కడా కూడలి లేకుండా చుట్టూ తిరిగొచ్చే రోడ్డు ఒకటి వేసి, దానికి లోపలా బయటా ఇళ్లు పెట్టి, బయటికి ఒకటే దారి వదిలి, ఆ దారి మీద రోడ్‌బ్లాక్ పెడతాను. సరుకు బండ్లు, గాదె నుంచి తిండి తెచ్చే బజారు మనిషి, కొత్తగా కాపురానికి వచ్చేవాళ్ళు దాన్ని దాటి వెళ్తారు. ఊరంతా తిరిగేవాళ్ళు మాత్రం వెనక్కి మళ్ళుతారు. ఇళ్లు రోడ్డుకి రెండు గళ్ళ లోపే ఉండాలి.

గోదారి_గేమర్:
మేస్త్రి గారి పద్ధతే నాదీను. ఇలాగే రోమన్ ఊళ్లు కట్టే సీజర్ 3 ఆడేవాళ్ళకి ఒక మాట, అసలు గేమ్‌లో రోడ్‌బ్లాక్ లేదు, అభిమానులు చేసిన ఆగస్టస్ మాడ్ వేసుకుంటే వస్తుంది. ఇంకోటి, ఇటుకలు, కుండల పని ఇళ్ల పక్కన పెడితే ఆ చోటు ఎవరికీ నచ్చదు, ఇళ్లు పెరగవు. అలాగని మరీ దూరం నెట్టేస్తే పనివాళ్ళు దొరకరు, ఎందుకంటే కూలీలని పిలిచే మనిషి ఏదో ఒక ఇంటి ముందు నుంచి నడవాలి. అక్కడ రెండు పాకలు వేస్తే చాలు, పనివాళ్ళు ఊరంతటి నుంచీ వస్తారు.

లంక_రైతుబిడ్డ:
ఇళ్ల సంగతి అందరూ చెప్తారు గానీ నైలు వరదని బట్టి ఊరు వెయ్యాలని ఎవరూ చెప్పరు. మా లంకల్లో వరద తీశాక ఒండ్రు మేట వేసిన నేలలో కూరగాయలు ఎలా వస్తాయో చూసినవాళ్ళకి ఇది వెంటనే అర్థమవుతుంది. కాకపోతే మనం ధవళేశ్వరంలో 11.75 అడుగుల దగ్గర మొదటి హెచ్చరిక ఇచ్చారంటే ఎక్కువ వస్తుందేమోనని టెన్షన్ పడతాం, ఫారోలో తక్కువ వస్తుందేమోనని భయపడాలి. వరద చాలకపోతే నేల సారం తిరిగి రాదు, మరుసటి పంట పోతుంది. అందుకే గేమ్‌లో వరదని చూసే దేవుడు ఒసిరిస్‌కి గుడి, పండగలు మొదటి నుంచీ వదలకండి. వరద నేలలో పంట ఏడాదికి ఒక్కసారే, నీళ్లు వచ్చే ముందు కోత, అదంతా ఒకేసారి వచ్చి పడుతుంది. గాదెలు పొలం గట్టుకి దగ్గరగా, సగం ఖాళీగా ఉంచుకోవాలి. నేనైతే ముందు పొలాలు, తర్వాత గాదెలు, ఆఖర్న ఇళ్లు.

పాలకొల్లు_కాలవగట్టు:
ఇళ్లు ఆఖర్నా! నేను రివర్స్‌లో వెళ్తున్నాను. మరి పిరమిడ్ మొదలయ్యాక పొలాల్లో మనుషులు కనపడట్లేదు, అదేంటండి?

లంక_రైతుబిడ్డ:
రాళ్ళు లాగేవాళ్ళూ పొలం కూలీలూ ఒకే వర్క్ క్యాంపుల నుంచి వెళ్తారండి. పిరమిడ్ కంటే ముందే క్యాంపులు పెంచండి, ఒకటి మాత్రం పొలాలని ఆనుకునే ఉండాలి.