నాన్న గురించి చిన్న పుస్తకం వేయాలనుకుంటున్నాం, ఏం రాయాలి?

హిరమండలం క్వార్టర్స్ అమ్మాయి:

మాది శ్రీకాకుళం. నాన్న వంశధార ప్రాజెక్టులో ఇంజనీరుగా చేసి రిటైరయ్యారు, పోయిన ఏడాది కాలం చేశారు. సంవత్సరీకానికి వచ్చినవాళ్ల చేతిలో పెట్టడానికి చిన్న పుస్తకం వేద్దామని నేనూ తమ్ముడూ అనుకున్నాం. చదివిన చదువు, చేసిన పోస్టులు, మంత్రులతో దిగిన ఫోటోలు వేస్తే నిండుగా ఉంటుందని బాబాయిలు అంటున్నారు. నాకు అందులో నాన్న కనిపించడం లేదు.

మేం గొట్టా బ్యారేజీ దగ్గర క్వార్టర్స్‌లో పెరిగాం. వానాకాలం అర్ధరాత్రి ఫోన్ మోగితే నాన్న అడిగే మొదటి మాట “కాశీనగర్‌లో ఎంతుంది?” వంశధార ఒడిశాలోంచి దిగుతుంది కదా, అక్కడ గేజిలో నీటిమట్టం పెరిగితే కొన్ని గంటల్లో వరద మన మీదికి వస్తుంది. అమ్మ లేచి ఫ్లాస్కులో టీ పోసేసరికి నాన్న టార్చి పట్టుకుని గుమ్మం దాటేసేవారు.

ఒకసారి పెరట్లో బండలు పరిపిస్తున్నారు. మేస్త్రీలు వాడే నీళ్ల గొట్టం ఒక కొస నాకిచ్చి, రెండో కొస తను పట్టుకుని గోడ అటు చివర నిలబడ్డారు. “నీ వైపు నీళ్లు ఎంతవరకు ఉన్నాయో గీత గియ్యి” అన్నారు. గీశాను. ఆయన గొట్టాన్ని ఎండలోకి ఎత్తి చూశారు. మధ్యలో వేలెడు పొడవు గాలిబుడగ. గొట్టాన్ని వేలితో కొడుతూ దాన్ని కొస దాకా తోలి, బయటికి పంపాక మళ్లీ గీయించారు. మొదటి గీతకీ రెండోదానికీ రెండు వేళ్ల తేడా! “పెద్ద కాలవకి కిలోమీటరుకి జానెడు వాలు కూడా ఉండదమ్మా. ఇక్కడ రెండు వేళ్లు తప్పితే టెక్కలి అవతల రైతుకి నీరెక్కదు” అన్నారు. అప్పుడు నేను ఆరో తరగతి.

ఇలాంటివి రాస్తే ఇంజనీరు జీవితం అనిపించుకుంటుందా? ఎవరిని అడగాలి, ఎక్కడ మొదలుపెట్టాలి? ఇంట్లో ఇలాంటి పుస్తకం వేసినవాళ్లుంటే చెప్పండి.

విజయనగరం మాస్టారు:

మా నాన్నగారికి మేం వేశాం. ముందు అమ్మగారి దగ్గర కూర్చోండి. “నాన్న ఎలాంటివారు” అని అడిగితే “దేవుడమ్మా” అని కళ్లు తుడుచుకుంటారు, అక్కడితో ఆగిపోతుంది. మొదటి క్వార్టర్స్‌లో పొయ్యి ఎక్కడుండేది, జీతం రోజు ఏం తెచ్చేవారు అని అడగండి, మాట కదులుతుంది. ఫోన్‌లో రికార్డు పెట్టుకోండి. సర్వీసు రిజిస్టరు కాపీ ఉంటే తేదీలన్నీ దొరుకుతాయి. పోస్టులు ఒక్క పేజీలో వేసేస్తే బాబాయిల మాటా నిలబడుతుంది. గొట్టం సంగతి మాత్రం వదలకండి.

నందిగాం శివారు రైతు:

తల్లీ, మీ నాన్నగారు కళ్లజోడుకి తాడు కట్టుకుని, జేబులో ఒక కొస ఎరుపు, ఒక కొస నీలం ఉన్న పెన్సిలు పెట్టుకునేవారేనా? అయితే ఆయన్ని నేనెరుగుదును.

మాది ఎడమ కాలవ కింద శివారు భూమి. పైవాళ్లు తూములెత్తుకుంటే, కాలవలో గుర్రపుడెక్క పేరుకుంటే, మా దాకా తడి కూడా రాదు. ఒక ఏడు ఉభాల వేళ, అదే నాట్ల వేళ, ఆకుమడి ఎర్రబడిపోతోంది. మేమంతా ఆఫీసు ముందు కూర్చున్నాం. ఆ రోజు జీపు లేదు. బాబు, అదే మీ నాన్నగారు, కాలవ చూసుకునే లస్కరు సైకిలు వెనక కూర్చుని గట్టు వెంబడి బయలుదేరారు. ప్రతి తూము దగ్గరా దిగి, ఆ ఊరి పెద్దల్ని పిలిచి, ఎవరెన్ని గంటలు తీసుకోవాలో వంతు పెట్టి, షట్టరు తన కళ్లముందే దింపించారు. దింపనన్నవాళ్ల మీద అరవలేదు, దిగేదాకా అక్కడే కూర్చున్నారు.

చీకటిపడేసరికి మా ఊరి తూము దగ్గరికి వచ్చారు. ఇంటికి పొమ్మన్నా పోలేదు. మా అమ్మ చోడంబలి (రాగి అంబలి) పట్టుకెళితే గట్టు మీదే తాగారు. తెల్లవారుజామున ముందు నురుగు, ఎండుటాకులు కొట్టుకొచ్చాయి, వాటి వెనక నీరు. “ఏటి బావూ, నీరొచ్చీసిందా!” అని మా తాత కేకేశాడు. బాబు టార్చి వేసి గేజి చూసి, పుస్తకంలో రాసుకున్నాకే నవ్వారు. మంత్రుల ఫోటోల కంటే ముందు ఇది వెయ్యమ్మా.

రిటైర్డ్ డిప్యూటీ ఇంజనీరు, ఆమదాలవలస:

మీ నాన్నగారి దగ్గరే నేను పని నేర్చుకున్నాను. ఆయన టేపు పెట్టి కొలవనిదే, చేసిన పని కొలతలు రాసే ఎం-బుక్‌లో సంతకం పెట్టేవారు కాదు. ఒక కాంట్రాక్టరు మట్టి పని బిల్లు అలాగే ఆపారు. ఆ తరవాత బదిలీ వచ్చింది. అమ్మగారు అది వద్దంటారేమో, అయినా రాయండి. ఆ కాలవ గట్టు ఇప్పటికీ నిలబడి ఉంది, దాని వెనక ఈ కథ ఉంది.

ఇంకొకటి. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటింది. కరెంటు లేదు, ఫోన్లు లేవు, రోడ్ల నిండా చెట్లు. వెనకాలే వంశధారకి వరద. అప్పటికి ఆయన రిటైరైపోయారు. అయినా ఎవరి మోటారు సైకిలు వెనకో ఎక్కి బ్యారేజీకి వచ్చారు. కుర్చీ వేస్తే కూర్చోలేదు. ఏ గేటు ఎక్కడ మొరాయిస్తుందో కొత్త కుర్రాళ్లకి చెప్పి, వాళ్లు ఎత్తుతుంటే పక్కన నిలబడ్డారు. నిర్ణయం మాత్రం డ్యూటీలో ఉన్న అసిస్టెంట్ ఇంజనీరుకే వదిలారు. మనిషి పెద్దరికం నాకు అక్కడ తెలిసింది.

హిరమండలం క్వార్టర్స్ అమ్మాయి:

ఆ పెన్సిలే అండీ, నాన్నదే. మీరు రాసిందంతా అమ్మకి చదివి వినిపించాను. నందిగాం రాత్రి తనకి బాగా గుర్తుందట. “ఆరోజు నీ తమ్ముడికి ఒళ్లు కాలిపోతోంది. ఊరి నీళ్లు సరే, మన పిల్లాడి మాటేమిటని దెబ్బలాడదామని కూర్చున్నాను. బురద కాళ్లతో వచ్చి, ముందు వాడి నుదురు చూసి, ఆ పక్కనే నేలమీద పడి నిద్రపోయారు. ఇంకేం అంటాను” అంది. అమ్మ కోపం కూడా రాస్తాను, అది న్యాయమైన కోపం. బదిలీ సంగతి రాయడానికీ అమ్మ ఒప్పుకుంది.

పాత నోటుబుక్కులు తీశాం. గేజి లెక్కల మధ్యలోనే ఇంటి పద్దు కూడా ఉంది: పాల డబ్బులు, అమ్మకి పొందూరు చీర, “పాపకి జామెట్రీ బాక్సు”. ఆ పేజీలు అలాగే ఫోటో తీసి వేస్తాం.

రైతు బాబుగారూ, అంబలి పట్టుకొచ్చిన మీ అమ్మగారు ఉన్నారా? ఉంటే ఉభాలయ్యాక చెప్పండి, మా అమ్మని తీసుకుని వస్తాను. ఆ తూము దగ్గర ఒక ఫోటో కూడా తీసుకోవాలి.