సియోల్‌లో ఒక్క మంగళవారం, అమ్మతో: ఏం చూడాలి, ఏం తినాలి?

చిన్నక్క_ప్రయాణం:

అందరికీ నమస్తే. అక్టోబర్ చివర్లో ఆఫీస్ పని మీద సియోల్ వెళ్తున్నా, ఈసారి అమ్మని కూడా తీసుకెళ్తున్నా. పని అయ్యాక మాకు మిగిలేది ఒక్క రోజు, మంగళవారం. బుధవారం పొద్దున్నే ఫ్లైట్. అమ్మకి 64, బాగానే నడుస్తుంది కానీ మోకాళ్ళ వల్ల మెట్లు, ఎత్తులు కష్టం. నేను రాసుకున్న లిస్ట్ ఇదీ: పొద్దున గ్యోంగ్‌బొక్‌గుంగ్ ప్యాలెస్‌లో హాన్‌బొక్ (కొరియా వాళ్ళ సంప్రదాయ దుస్తులు) వేసుకుని ఫొటోలు, తర్వాత పాత ఇళ్ళుండే బుక్‌చొన్, షాపింగ్‌కి మ్యోంగ్‌డాంగ్, మధ్యాహ్నం గంగ్నమ్, సాయంత్రం నామ్‌సాన్ టవర్, రాత్రి గ్వాంగ్‌జాంగ్ మార్కెట్. అవుతాయంటారా?

అసలు బెంగ తిండి గురించే. నేను అన్నీ తింటా, అమ్మ గుడ్డు కూడా ముట్టదు. కానీ రెండేళ్ళుగా కొరియన్ సీరియల్స్ వదలకుండా చూస్తోంది, వాళ్ళు రాతి గిన్నెలో అన్నం కలుపుకుని తింటుంటే "అది ఒక్కసారి అక్కడే కూర్చుని తినాలే" అంటుంది. అంత దూరం తీసుకెళ్ళి హోటల్ రూమ్‌లో పులిహోర పేస్ట్ కలిపి పెట్టడానికి నాకు మనసొప్పట్లేదు. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి ప్లీజ్.

దారిబత్తెం:

చదువుకోసం రెండేళ్ళు అక్కడున్నాను. ముందు ముఖ్యమైంది చెప్తా, గ్యోంగ్‌బొక్‌గుంగ్‌కి మంగళవారం సెలవు. చాలామంది గేటు దాకా వెళ్ళి వెనక్కొస్తారు. మీరు ఛాంగ్‌డోక్‌గుంగ్‌కి వెళ్ళండి, దానికి సెలవు సోమవారం. సర్దుకుపోవడానికి చెప్తున్న ప్యాలెస్ కాదండీ ఇది, నన్నడిగితే ఇదే మేలు. 1405లో కట్టారు, 1592లో జపాన్ దండయాత్రలో సియోల్ ప్యాలెస్‌లన్నీ కాలిపోతే ముందు దీన్నే మళ్ళీ కట్టుకున్నారు, దాదాపు 250 ఏళ్ళు జోసన్ వంశపు రాజులు ఇక్కడినుంచే ఏలారు, గ్యోంగ్‌బొక్‌గుంగ్ అన్నేళ్ళూ పాడుబడే ఉంది. 1997లో యునెస్కో గుర్తింపు కూడా వచ్చింది. టికెట్ 3,000 వాన్లు, హాన్‌బొక్ వేసుకుంటే దీనికీ ఫ్రీనే. వెనకాల హువొన్ అని రాజుగారి తోట ఉంది, దానికి వేరే టికెట్, గైడ్‌తోనే వెళ్ళాలి, అక్టోబర్ చివర ఆకులు ఎర్రబడే టైమ్ కదా ఆన్‌లైన్‌లో త్వరగా అయిపోతాయి. కానీ లోపల ఎత్తుపల్లాలున్నాయి, అమ్మగారి మోకాళ్ళు చూసుకుని బుక్ చేయండి.

లిస్ట్‌లోంచి గంగ్నమ్ తీసేయండి. అది హాన్ నది అవతల, రానూపోనూ మెట్రోలోనే పూట గడిచిపోతుంది, అక్కడ చూసేదీ పెద్ద బిల్డింగ్‌లే. రోజంతా జొంగ్నొ (ప్యాలెస్‌లుండే పాత సియోల్) చుట్టుపక్కలే ఉండండి. ఆన్‌గుక్ స్టేషన్‌లో దిగితే ప్యాలెస్, ఇన్సాడొంగ్, జొగ్యేసా గుడి అన్నీ నడిచే దూరం. బుక్‌చొన్‌లో జనం కాపురాలుండే ఇళ్ళు అవి, అందరూ ఫొటో దిగే ఆ వీధికి పొద్దున 10 నుంచి సాయంత్రం 5 వరకే టూరిస్టుల్ని రానిస్తారు, దాటితే 1,00,000 వాన్ల ఫైన్, 2025 మార్చి నుంచి వేస్తున్నారు. పైగా ఆ వీధి మొత్తం ఎత్తు. కింద నిలబడి చూసి వచ్చేయండి చాలు.

గూగుల్ మ్యాప్స్‌ని నమ్ముకోవద్దు, నేనున్నన్నాళ్ళూ అందులో నడక దారి రాలేదు, నేవర్ మ్యాప్ పెట్టుకోండి. బస్సుకీ మెట్రోకీ వాడే టీ-మనీ కార్డు ఏ చిన్న షాపులోనైనా దొరుకుతుంది, అందులో డబ్బు వేయించడానికి నోట్లు ఉంచుకోండి, తలా 10,000 వేస్తే ఆ రోజుకి సరిపోతుంది.

పచ్చిమిర్చి_77:

తిండి సంగతి నేను చెప్తా, మా ఇంట్లోనూ అందరం శాకాహారులమే. అక్కడ కష్టం ముక్కతో కాదు, ముక్క తీసేసి ఇవ్వమంటే ఇస్తారు. "గోగి పే జుసెయో" అంటే మాంసం తీసేయండి అని. కానీ చాలామంది చేపని, రొయ్యని మాంసం లెక్కలో వేసుకోరు, అక్కడ వస్తుంది చిక్కు. సూపుల్లో, నూడుల్స్‌లో నీళ్ళే ఎండు నెత్తళ్ళు వేసి కాచిన నీళ్ళు. టొక్‌బొక్కి చూడ్డానికి బియ్యప్పిండి ముక్కలు ఎర్ర కారంలో ఉడుకుతున్నట్టు ఉంటుంది, పక్కనే చేప పిండి ముక్కలు కూడా అదే గిన్నెలో ఉంటాయి. కిమ్చీ మన పచ్చడిలా కనిపిస్తుంది గానీ మామూలుగా అందులో ఉప్పు రొయ్యలో, చేప సాసో పడుతుంది.

అమ్మగారికి కావల్సింది దొల్సొత్ బిబింబాప్. వేడి రాతిగిన్నె, అన్నం, పైన పాలకూర, మొలకలు, క్యారెట్, పుట్టగొడుగులు. గుడ్డు, మాంసం వద్దని ముందే చెప్పండి, ఇంకోటి, గొచుజాంగ్ అనే ఆ కారం ముద్దని కొన్ని చోట్ల బీఫ్ వేసి వేయిస్తారు, అది కూడా అడగండి. చెప్పే మాటలన్నీ కొరియన్‌లో ఒక కాగితం మీద రాయించుకుని చూపిస్తే ఇంకా మంచిది.

అసలు నిశ్చింతగా తినాలంటే గుళ్ళ తిండి. కొరియా బౌద్ధ భిక్షువుల వంటలో మాంసం, చేపే కాదు, ఉల్లి వెల్లుల్లి కూడా ఉండవు. జొగ్యేసా ఎదురుగానే బల్వూ గొంగ్యాంగ్ అని ఉంది, సెట్ మీల్ పెడతారు, ఖరీదే, ముందు బుక్ చేసుకోవాలి.

చిరుతిళ్ళలో హొట్టొక్ తప్పకుండా తినిపించండి, లోపల బెల్లంలాంటి చక్కెర, దాల్చినచెక్క, పల్లీల్లాంటి గింజలు పెట్టి కాలుస్తారు, కొరికితే పాకం కారుతుంది, మూతి జాగ్రత్త. గుమ్మడికాయ జావ, ఎర్ర చిక్కుళ్ళ జావ మార్కెట్లో దొరుకుతాయి. టీ షాపులో ఒమిజా టీ అడగండి, ఐదు రుచుల పండని పేరు, నిజంగానే పులుపు ముందు తగిలి తర్వాత మిగతావి వస్తాయి.

నడకరి:

దారిబత్తెం గారు చెప్పినవాటితో ఏకీభవిస్తా, కాకపోతే నామ్‌సాన్ మాత్రం తీసేయకండి. కొండ ఎక్కక్కర్లేదు, సిటీ బస్సు పైదాకా వెళ్తుంది, కేబుల్ కార్ కూడా ఉంది. అక్టోబర్ చివర్లో ఆరు లోపే చీకటి పడుతుంది, ఐదింటికి పైన ఉంటే వెలుతురూ దీపాలూ రెండూ చూడొచ్చు.

ఇంకో మాట, వెళ్ళేలోపు హంగుల్ నేర్చుకోండి. సెజోంగ్ రాజు 1446లో ప్రజలకోసమని ప్రకటించిన లిపి, 14 హల్లులు, 10 అచ్చులు, అంతే. గుణింతం వచ్చిన మనకి హల్లు పక్కన అచ్చు, కింద ఇంకో హల్లు పెట్టడం అనేది కొత్త కాదు, రెండు మూడు సాయంత్రాలు చాలు. అర్థం తెలియకపోయినా మెనూలో "గోగి" అన్న అక్షరాలు ఎక్కడున్నాయో పట్టుకోగలిగితే మీకు సగం బెంగ తీరుతుంది.

దారిబత్తెం:

నామ్‌సాన్ వద్దని కాదండీ, పొద్దుటినుంచి నడిచిన మోకాళ్ళతో సాయంత్రం మళ్ళీ ఆ బస్సు, జనం ఎందుకని. మార్కెట్ నుంచి బయటికొస్తే పక్కనే ఛొంగ్గేఛొన్ వాగు. ఒకప్పుడు దాన్ని కాంక్రీటుతో కప్పి పైన ఫ్లైఓవర్ వేశారు, అదంతా పగలగొట్టి 2005లో మళ్ళీ నీళ్ళు పారించారు. గట్టున కూర్చోడానికి రాళ్ళున్నాయి. అమ్మగారికి అదే హాయి. మీ ఇష్టం ఇక.

చిన్నక్క_ప్రయాణం:

వచ్చేశామండీ! అందరికీ చాలా చాలా థాంక్స్, మంగళవారం సెలవు మాట ముందే తెలియకపోతే మా రోజు పోయేదే.

ఛాంగ్‌డోక్‌గుంగ్ చూశాం, హువొన్ టికెట్లు దొరకలేదు. అమ్మ ముందు హాన్‌బొక్ వద్దంది, అద్దె షాపులో ఆకుపచ్చ లంగా చూసి మనసు మార్చుకుంది, ఆ లంగాతోనే చావడి మెట్టు మీద అరగంట కూర్చుని కప్పు కింద రంగులు చూస్తూ ఉండిపోయింది. నేను ఇంకో చోటుకి పోదాం అనలేదు.

మధ్యాహ్నం ఇన్సాడొంగ్‌లో ఒక హోటల్లో కాగితం చూపించాం, సరే సరే అన్నారు, తీరా గిన్నె వస్తే పైన గుడ్డు! నేను లేచి చెప్పేలోపే అక్కడి పెద్దావిడ చూసి నాలిక కరుచుకుని గిన్నె తీసుకెళ్ళి కొత్తది తెచ్చింది. ఆ రాతిగిన్నె చిటపటమని శబ్దం చేస్తూనే ఉంది. అమ్మ చెంచాతో కలిపి తింది, అక్కడ అన్నం చెంచాతోనే తింటారు కాబట్టి ఆ ఉక్కు చాప్‌స్టిక్స్‌తో తంటా లేదు. సగం తిన్నాక గిన్నె అడుగున అన్నం ఎర్రగా పట్టింది, అమ్మ దాన్ని చెంచాతో గీకి గీకి తింటూ "సీరియల్లో ఈ మాడు సంగతి చూపించలేదే" అంది. పక్కన ఇచ్చిన సూపు వాసన చూసి జరిపేసింది, పచ్చిమిర్చి గారు చెప్పింది నిజమే, నెత్తళ్ళ నీళ్ళే.

గ్వాంగ్‌జాంగ్ మార్కెట్లో బిందేట్టొక్ దగ్గర మాత్రం అమ్మ కదల్లేదు. నానిన పెసరపప్పు తిరగలిలో వేసి రుబ్బుతున్నారు, పిండి పక్కలనుంచి జారి గిన్నెలో పడుతోంది, పక్కన ఇంత మందాన నూనెలో వేగుతున్న అట్లు. "ఇది మన పెసరట్టు పిండేనే" అని చెయ్యి చాపింది, అమ్మే ఆవిడకి ఏమర్థమైందో ఏమో నాలుగు నానిన బద్దలు తీసి అమ్మ అరచేతిలో పెట్టింది. అమ్మ ఒకటి కొరికి చూసి తలూపింది. కానీ అదే పెనం మీద మాంసం ఉండలు కూడా వేస్తున్నారు, కాబట్టి అట్టు నేనే తిన్నా, అమ్మ గుమ్మడికాయ జావ తాగింది. నామ్‌సాన్ వెళ్ళలేదు నడకరి గారూ, వాగు గట్టునే కూర్చున్నాం, చలిగా ఉంది, అయినా ఎనిమిది దాకా లేవలేదు.

ఇప్పుడు ఇంకో ప్రశ్న. వచ్చినప్పటినుంచి అమ్మ ఆ అట్టు ఇంట్లో వేస్తోంది, పొట్టు లేని పెసరపప్పు, మొలకలు, ఉల్లికాడలు వేసి. రుచి బావుంది కానీ తిప్పేటప్పుడు విరిగిపోతోంది. పిండిలో ఇంకేమైనా కలుపుతారా?

పచ్చిమిర్చి_77:

కప్పు పప్పుకి రెండు మూడు చెంచాల బియ్యం కలిపి నానబెట్టమనండి. రుబ్బేటప్పుడు నీళ్ళు బాగా తగ్గించాలి, అట్ల పిండిలా జారకూడదు, గారెల పిండి కంటే కొంచెం పల్చన అంతే, మరీ మెత్తగా కూడా వద్దు. మొలకల్లో నీరు పిండేసి కలపాలి. నూనె చాలా వెయ్యాలి, అంచులు ఎర్రబడేదాకా తిప్పొద్దు. ఈసారి చిన్న చిన్నవి వేసి చూడమనండి, మళ్ళీ విరిగితే ఇక్కడే చెప్పండి.