మారుతీ 800లో సబ్ వూఫర్: 8 గేజి వైరు, 35 ఏహెచ్ బ్యాటరీ సరిపోతాయా?

గ్యారేజీ_క్లబ్బు:
అన్నలకు నమస్తే. ఘట్‌కేసర్ దగ్గర మా ఇంజనీరింగ్ కాలేజీ ఆటో క్లబ్బుకు 2003 మారుతీ 800 దొరికింది, ఎంపీఎఫ్ఐ (కంప్యూటరుతో పెట్రోలు చిమ్మే ఇంజను) మోడల్. ఇంజను బానే ఉంది, వెనక ఫ్లోరు మాత్రం రెండుచోట్ల తుప్పుపట్టి చిల్లులు పడింది. అనుకున్న పాటల సెట్టు: తలుపుల స్పీకర్లకి 4 చానెళ్ల ఆంప్ (ఆంప్లిఫయర్) (చానెల్‌కి ఆగకుండా ఇచ్చే పవరు, అంటే ఆర్ఎంఎస్, 50 వాట్లు, క్లాస్ ఏబీ), సబ్ కోసం 300 వాట్ల క్లాస్ డి మోనో (ఒకే చానెల్) ఆంప్, 12 అంగుళాల సబ్ (లోతైన బేసు స్పీకరు), పోర్టెడ్ (గాలి రంధ్రమున్న) బాక్సు. షాపులో 8 గేజి వైరు కిట్టు చాలన్నారు (గేజి అంకె తగ్గేకొద్దీ వైరు లావు). ఏ పని ముందు పెట్టుకోవాలి?

ఫ్యూజు_పెట్టె:
ముందు లెక్క చూడండి. క్లాస్ ఏబీ ఆంప్ తీసుకున్న పవరులో దాదాపు 60 శాతమే స్పీకరుకి ఇస్తుంది, మిగతాది వేడి. అంటే 200 వాట్లకి 333 లాగుతుంది. క్లాస్ డి 80 శాతం ఇస్తుంది, 300కి 375. మొత్తం 708 వాట్లు, 13.8 వోల్టుల దగ్గర 51 ఆంపియర్లు. పాటలో సగటు అందులో మూడోవంతే ఉంటుంది కాబట్టి నడుస్తుంది. కానీ హెడ్‌లైట్లకే 9 ఆంపియర్ల దాకా పోతాయి. ఆల్టర్నేటర్ (ఇంజను తిప్పితే కరెంటు పుట్టించేది) మీద రాసున్న అంకె చూసి, అందులో లైట్లు, పెట్రోలు పంపు, ఇగ్నిషన్ ఖర్చు తీసేశాక ఏం మిగిలిందో అదే మీ బడ్జెట్. ఇంజను ఆపి పాటలు పెడితే 35 ఏహెచ్ బ్యాటరీ గంటకే సెల్ఫ్ కొట్టనంత నీరసపడొచ్చు.

8 గేజి వద్దు. నాలుగు మీటర్ల వైరులో 50 ఆంపియర్ల దగ్గర 0.4 వోల్టు పోతుంది. అసలు రాగి 4 గేజిలో పోయేది 0.16. ఫ్యూజు 60 ఆంపియర్లది, బ్యాటరీ నుంచి 45 సెంటీమీటర్ల లోపే. ఫ్యూజు కాపాడేది వైరుని, ఆంప్‌ని కాదు. ఆంప్ పక్కన పెడితే మధ్యలో ఒరుసుకున్న వైరు మంటపెడుతుంది. ఫైర్‌వాల్ (ఇంజనుకీ క్యాబిన్‌కీ మధ్య రేకుగోడ) దాటేచోట రబ్బరు గ్రోమెట్ (రంధ్రం అంచుకి తొడిగే రింగు) తప్పనిసరి.

ఎమ్‌డీఎఫ్_మేస్త్రీ:
వైరింగు కంటే ముందు ఫ్లోరు. వెల్డింగు పెట్టేముందు పెట్రోలు ట్యాంకు దించండి, బ్యాటరీ నెగటివ్ తీయండి, ఈసీయూ (ఇంజను కంప్యూటరు) కప్లర్ ఊడదీయండి. పల్చటి రేకు మీద గీత గీసినట్టు లాగితే వంకరపోతుంది. మిగ్‌తో (తీగతో చేసే గ్యాసు వెల్డింగు యంత్రం) టాకాలు వేస్తూ, చోటు మారుస్తూ పోవాలి. తర్వాత జింక్ ప్రైమరు, సీమ్ సీలరు. ఆ మీదే డ్యాంపింగు షీటు (రేకు అదురు తగ్గించేది). తారు షీటు చవక అని వేశారో, మన ఏప్రిల్ ఎండకి కారుతుంది, బ్యూటిల్ రబ్బరుది తీసుకోండి. రేకు మొత్తం కప్పక్కర్లేదు, పావు భాగం చాలు. తలుపుల అడుగున నీళ్లు పోయే రంధ్రాలు మూశారంటే మళ్లీ తుప్పే. తలుపు స్పీకరు కొనేముందు తలుపు అద్దం పూర్తిగా దించి లోతు కొలవండి.

12 అంగుళాల పోర్టెడ్‌కి 45 లీటర్లపైన కావాలి, ఈ బండిలో చోటేది? 10 అంగుళాల సబ్‌కి సీల్డ్ (రంధ్రం లేని) బాక్సు కట్టండి. లోపలి కొలత 36 × 30 × 19 సెంటీమీటర్లు, 20 లీటర్లు. చిన్న క్యాబిన్ తనే లోతైన బేసుని పెంచుతుంది. 18 ఎంఎం ఎమ్‌డీఎఫ్, ఫెవికాల్, 10 సెంటీమీటర్లకొక స్క్రూ. లోపల మూలలకి సిలికాన్ పట్టించి ఒకరోజు ఆగాకే స్పీకరు బిగించండి, ఆ పుల్లటి ఆవిరి కోన్‌కి, కాయిల్‌కి మంచిది కాదు.

ఫ్యూజు_పెట్టె:
ఒకమాట కలుపుతా. ఆంప్ గ్రౌండు బోల్టు దగ్గర రంగు గీకి, మెరిసే రేకుకి బిగించండి. ఆర్‌సీఏ (పాట సిగ్నల్ తెచ్చే వైరు) ఒకపక్క, పవర్ వైరు రెండోపక్క నడిపించండి. యాక్సిలరేటరు తొక్కితే స్పీకర్లలో ఈల పెరుగుతుంటే చాలావరకు గ్రౌండు తప్పే. పాట మోగుతుండగా బ్యాటరీ నెగటివ్‌కీ ఆంప్ గ్రౌండుకీ మధ్య మీటరు పెట్టండి, 0.1 వోల్టు దాటితే జాయింటు మళ్లీ చేయాలి.

గ్యారేజీ_క్లబ్బు:
10 అంగుళాలకే మారుతున్నాం. డ్యూయల్ 4 ఓమ్ కాయిల్ (4 ఓమ్‌ల కాయిళ్లు రెండున్న) సబ్ చూశాం. ఆంప్ మీద గెయిన్ (వచ్చే సిగ్నల్‌ని ఎంత పెంచాలో పెట్టే నాబ్) ఎంత పెట్టాలి?

ఎమ్‌డీఎఫ్_మేస్త్రీ:
రెండు కాయిళ్లు ప్యారలల్‌గా కలిపితే 2 ఓమ్‌లు. మోనో ఆంప్ 2 ఓమ్‌లకి 300 ఇస్తుందో లేదో ముందు చూడండి. సబ్ వైరు తీసేసి, బేస్ బూస్టు ఆపి, హెడ్ యూనిట్ (డ్యాష్‌బోర్డు స్టీరియో) ముప్పావు వాల్యూమ్‌లో 50 హెర్ట్జ్ టోన్ పెట్టండి. ఏసీ మీటరు 24.5 వోల్టులు చూపేదాకా గెయిన్ తిప్పి ఆపండి. డోర్ చానెళ్లకి 1 కిలోహెర్ట్జ్ టోన్‌తో 14.1 వోల్టులు (స్పీకర్లు 4 ఓమ్‌లవైతే). గెయిన్ వాల్యూమ్ బటన్ కాదు. పూర్తిగా తిప్పితే వేవ్ తల నరికినట్టయి కాయిల్ మాడుతుంది.

బండి_మల్లన్న:
తమ్మీ, 2003 బండి అంటే పదిహేనేండ్లు దాటినై. ఆర్సీ రెన్యువల్, ఫిట్‌నెస్, ఇన్సూరెన్స్ లేకుండ గేటు బయటికి తీయకుండ్రి. ఇంకోటి, కాలేజీ చుట్టూ 100 మీటర్లు సైలెన్స్ జోన్ (మోత చేయొద్దనే చోటు) కిందికి రావొచ్చు, పర్మిషన్ ముందుగాల్నే అడగుండ్రి.

గ్యారేజీ_క్లబ్బు:
థాంక్స్ అన్నా. కోఠిలో ఎలక్ట్రానిక్స్ షాపులుండే గుజరాతీ గల్లీకి పోతున్నాం. వైరు అసలు రాగిదో కాదో అక్కడే ఎట్లా తెలుస్తుంది?

ఫ్యూజు_పెట్టె:
చివర ఒక పోగు తీసి బ్లేడుతో గీకండి. లోపల తెల్లగా ఉంటే రాగి పూసిన అల్యూమినియం. అదే తప్పకపోతే 2 గేజికి వెళ్లండి.